బడి విడిచాక ఒక గంట

"బాయి, మా పోరికి హోంవర్క్ ఇచ్చిన్రా?"

ఫోన్‌లో ఆ గొంతు ఎవరిదో రోహిణికి వెంటనే తట్టలేదు. వెనక గిన్నెల చప్పుడు, కుక్కర్ కూత, ఎవరో ఇంకో రెండు రొట్టెలు కావాలని అరవడం వినపడుతున్నాయి.

"ఎవరు మాట్లాడేది?"

"కైలాస్‌ను బాయి. ఆరో తరగతి శీతల్ బాపును. స్టేషన్ కాడ పోరగాండ్లకు తిండి పెట్టే ఖానావళి ఉంటది సూడున్రి, అది మాదే."

రోహిణి మెంతికూర తుంచుతూ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. ఊరంతా బాయి అని పిలిచే ఆ టీచరమ్మకు ఆ ప్రశ్న కొత్త కాదు. తన తరగతికి హోంవర్క్ ఆపేసినప్పటి నుంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అందరికీ చెప్పే జవాబే, కొంచెం గర్వంగానే, అతనికీ చెప్పింది.

"నేను ఎవ్వలకు ఇస్తలేను కైలాస్ భావూ. బడి పని బడిలనే. ఇంటికాడ పిల్లల్ని ఆడుకోనియ్యున్రి."

"ఇయ్యాల గూడ ఇయ్యలేదా?"

"ఇయ్యలేదు."

తర్వాత అతను ఫోన్ చేతిలో ఉండగానే పక్కన ఎవరితోనో అన్నాడు. "ఇన్నవా? ఇయ్యలేదంట. రోజు హోంవర్క్ ఉంది, హోంవర్క్ ఉంది అనుకుంట నాకే అబద్ధం చెప్తున్నవా?"

చెంప మీద చెయ్యి పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత ఏడుపు రాలేదు. ఏడుపును గొంతులోనే పట్టి ఆపుకుంటే వచ్చే ఒక చిన్న మూలుగు వచ్చింది. ఫోన్ కట్ అయింది.

రోహిణి తిరిగి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. స్విచాఫ్ అని వచ్చింది.

ఆమె భర్త సీతారాం డ్యూటీకి పోవడానికి యూనిఫాం వేసుకుంటున్నాడు. రైల్వేలో గార్డు అతను. సంగతి విని, "నువ్వు ఉన్నది ఉన్నట్టే చెప్పినవ్ గదా. దాంట్ల నీ తప్పేముంది?" అన్నాడు.

"హోంవర్క్ ఉండి లేదనే పోరగాండ్లను శానమందిని చూసిన. లేని హోంవర్క్ ఉన్నదని చెప్పే పిల్లను ఎన్నడన్న చూసినవా?"

సీతారాం గుండీ పెట్టుకోవడం ఆపి ఆమె వంక చూశాడు.

మర్నాడు శీతల్ బడికి రాలేదు.

హాజరు తీస్తుంటే ఆ పేరు దగ్గర రోహిణి ఆగింది. కిటికీ పక్క బెంచీ మీద ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. శీతల్ ఎక్కువగా మాట్లాడేది కాదు. కానీ పాఠం చదవమంటే లేచి నిలబడి, చెవులు సరిగా వినపడని మనిషికి చదివి వినిపిస్తున్నట్టు, మాట మాటా విడమరిచి చదివేది. అలా చదవడం ఎక్కడ నేర్చిందో రోహిణి ఎప్పుడూ అడగలేదు.

నిజానికి ఆమె ఆలోచనంతా మరో బెంచీ చుట్టూ తిరిగేది. ఆ బెంచీలో నిలేశ్ కూర్చుంటాడు. వానాకాలంలో ఒక రోజు వాడు కుడి మణికట్టుకు ప్లాస్టర్‌తో వచ్చాడు. సైకిల్ మీది నుంచి పడ్డానన్నాడు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తినే వేళకు ఎడమ చేత్తో తినలేక అవస్థ పడుతుంటే రోహిణి పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. రెండో ముద్దకే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. హోంవర్క్‌లో భిన్నాల లెక్క తప్పాడట. మళ్లీ చేయమంటే మళ్లీ తప్పాడట. బాపు చెయ్యి పట్టుకుని మెలితిప్పాడట.

"మా బాపును ఏమనకున్రి బాయి. ఆయన మంచోడే. లెక్కల పుస్తకం తీస్తెనే గట్లయితడు."

ఆ మాట రోహిణిని రెండు రోజులు నిలవనీయలేదు. హెడ్మాస్టర్ సంగప్ప గదిలోకి పోయి, ఆరో తరగతికి ఇంటి పని ఇవ్వనని తేల్చి చెప్పింది. ఆయన దేగ్లూర్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. దీపావళి దాకా చేసి చూడమన్నాడు. దీపావళి పోయింది. పిల్లల మార్కులు తగ్గలేదు. అప్పట్లో జరిగిన పాలక్ సభలో, తల్లిదండ్రుల ముందు, రోహిణి మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. సాయంత్రాలు పిల్లలవి అంది. ఆడుకోనివ్వమంది. ఇంట్లో అమ్మకూ నాన్నకూ కాస్త సాయం చేయడం కూడా చదువేనంది. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు.

మధ్యాహ్నం గంట కొట్టాక ప్రాచి అనే పిల్ల బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్లిల్లు ఖానావళి ఉన్న గల్లీలోనే.

"బాయి, శీతల్ చెయ్యి కాలింది. అన్నం వార్చంగ గంజి మీద పడ్డది."

"ఎప్పుడు? నిన్ననా?"

"కాదు బాయి. పోయిన వారం. పొడుగు చేతుల స్వెటర్ ఏసుకొని అచ్చింది గదా, మీకు కనవడలే."

"అన్నం వార్చుడు ఆ పిల్లకేం పని?"

ప్రాచి ఆమె వంక వింతగా చూసింది. తెలిసిన సంగతే మళ్లీ అడుగుతున్నట్టు. "రోజు ఆమెనే వారుస్తది. హోంవర్క్ బంద్ అయిన కాడి నుంచి. గంజి పడ్డ సంది ఆ గిన్నె చూస్తెనే దానికి భయం. గందుకే హోంవర్క్ ఉన్నదని చెప్పింది."

ప్రాచి వెళ్లిపోయింది. రోహిణి డబ్బా మూత తీయకుండానే అలా కూర్చుండిపోయింది. అంతలో సంగప్ప గుమ్మంలోకి వచ్చాడు.

"బాయి, శనివారం పాలక్ సభ పెడుతున్న. నిలేశ్ బాపు రామచందర్ సాబ్ పది మందిని ఎంటేసుకొని అచ్చిండు. హోంవర్క్ మళ్ల షురూ చేయాలె అంటున్రు. మీరే జవాబు చెప్పుకోవాలె. ఈసారి నేను అడ్డం రాను."

సాయంత్రం బడి విడవగానే రోహిణి స్టేషన్ రోడ్డు పట్టింది. ఖానావళి చిన్నదే. ముందు పొడవాటి బల్లలు, వెనక వంటిల్లు. నీట్ కోచింగ్ కోసం ఊరూరి నుంచి వచ్చిన కుర్రాళ్లు బల్లల ముందు కూర్చుని, ఒక చేత్తో తింటూ మరో చేత్తో పుస్తకాలు తిప్పుకుంటున్నారు. వాళ్ల వెనక, తెర పక్కకు జరిగిన చోట, పొయ్యి ముందు పీట మీద శీతల్ కూర్చుని ఉంది. పిండి ముద్దలు చేస్తోంది. ఎడమ ముంజేతికి పసుపు మరకల గుడ్డ చుట్టి ఉంది. టీచర్ని చూసి ఆ పిల్ల నవ్వలేదు. గుడ్డ మీదికి గబగబా చేయి కప్పుకుంది.

"రాన్రి బాయి, కూసోన్రి. చాయ్ తాగుతరా?" కైలాస్ భుజం మీది తువాలుతో బల్ల తుడిచాడు. బక్కపలుచని మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. రాత్రి ఫోన్‌లో విన్న గొంతూ ఈ మర్యాదా ఒకే మనిషివంటే నమ్మడం కష్టంగా ఉంది.

"చాయ్ వద్దు. శీతల్ బడికెందుకు రాలే?"

"పాణం మంచిగ లేకుండె."

"పాణం మంచిగ లేని పిల్ల పొయ్యి ముందట ఎందుకు కూసున్నది?"

కుర్రాళ్లలో ఒకడు తలెత్తి చూసి మళ్లీ పుస్తకంలోకి వంగాడు. కైలాస్ గొంతు తగ్గించాడు.

"నా ఇంటామె వర్షకు ఆపరేషన్ అయింది బాయి. మంచం దిగుతలేదు. రొట్టెలు చేసే ఆమె పత్తి ఏరనీకి ఊరికి పోయింది, మళ్ల రాలే. నేనొక్కన్ని ఏం చేయాలె? ఈ పోరగాండ్లు టైముకు తిండి లేకపోతె ఇంకో ఖానావళికి పోతరు."

"పన్నెండేండ్లు నిండని పిల్ల. ఆ చెయ్యి చూసిన్రా? పిల్లలతోని పని చేయించుడు నేరం. నేను ఒక ఫోన్ చేస్తె..."

ఆ మాట పూర్తి కాకముందే అన్నందుకు రోహిణి నాలుక కరుచుకుంది. కైలాస్ ముఖంలో మర్యాద ఆరిపోయింది.

"చేయున్రి. మీరే గదా బాయి, పిల్లలు ఇంట్ల సాయం చేయాలె, గది గూడ చదువే అన్నది? నేను ముందట్నే కూసోని ఇన్న. ఎనిమిదిల బడి ఇడిసిపెట్టినోన్ని, నాకేం తెల్వది. బాయి చెప్పింది గదా అని చేయించిన. ఇప్పుడు నేరమంటరు. ఎవ్వలన్న సర్కారోళ్లు నా గుమ్మం తొక్కిన్రంటె, బడిల పేరు తీసేయించి, దాఖలా తీసుకొని పిల్లను ఉమ్రికి మా అక్క కాడికి పంపుత. ఇగ బడి లేదు, ఏం లేదు. అప్పుడు మంచిగుంటదా మీకు?"

పిండి ముద్ద చేస్తున్న శీతల్ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

ఏ మాట అన్నా అది తిరిగి ఆ పిల్ల మీదే పడుతుందని రోహిణికి తెలిసిపోయింది. లేచి బయటికి నడిచింది. గల్లీ మలుపు దాకా వచ్చాక వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. ఒక ముసలామె గోడ పట్టుకుని వగరుస్తూ నిలబడి ఉంది. కైలాస్ తల్లి గంగుబాయి.

"నువ్వే గదా హోంవర్క్ బంద్ చేసింది?" ఆమె కళ్లలో పొర కమ్మి ఉంది. రోహిణి ముఖానికి బాగా దగ్గరగా వచ్చి చూసింది. "ఎందుకు చేసినవ్ బిడ్డా? నీకేం నష్టం అయింది?"

"పిల్లలకు కష్టం అయితున్నదని చేసిన అవ్వా."

"ఎవల పిల్లలకు? మా పిల్ల నా మంచం మీద కూసోని సదువుతుండె. నాకు సరిగ ఇనవడది, గట్టిగ సదువుతుండె. పుస్తకం తెరిసి ఉన్నదంటె వీడు పిలవకపోతుండె. బాయి కొడ్తదేమో అని వీనికే భయం. చిన్నప్పటి భయం, ఇంక పోలె. ఇప్పుడు పుస్తకం లేదు, భయం లేదు. పోరి పొయ్యి కాడ పడ్డది."

"ఫోన్ చేసి చెప్పాలెనా అవ్వా? పోలీసులకో, ఇంకెవరికన్ననో?"

గంగుబాయి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. "వద్దు. నీ కాళ్లు మొక్కుత. వాడు అన్నంత పని చేస్తడు. ఉమ్రిల నా బిడ్డ ఇంట్ల గొడ్లు ఉన్నయి. పిల్ల ఆడికి పోయిందంటె మళ్ల పుస్తకం పట్టది. ఇంకేమన్న చెయ్యి."

శనివారం వరకు శీతల్ రాలేదు. ప్రతి ఉదయం ఆఫీసు గది ముందు నుంచి పోతున్నప్పుడు, కైలాస్ దాఖలా కోసం లోపల నిలబడి ఉంటాడేమోనని రోహిణి తొంగి చూసేది. హోంవర్క్ మళ్లీ ఇస్తానంటే సరిపోతుందా అని ఆలోచించింది. నిలేశ్ ప్లాస్టర్ తీసి నెలలు గడిచాయి. వాడు ఇప్పటికీ ఆ మణికట్టును పూర్తిగా తిప్పలేడు. ఒక పిల్లను పొయ్యి ముందు నుంచి లేపాలంటే, ఇంకో పిల్లవాడిని మళ్లీ ఆ లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టాలి.

సభ రోజు హాలు నిండిపోయింది. రామచందర్ ముందు వరుసలో కూర్చున్నాడు. తహసీల్ ఆఫీసులో ఉద్యోగం, ఇస్త్రీ నలగని చొక్కా. వెనక తలుపు దగ్గర కైలాస్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన కుర్చీలో గంగుబాయి. అతను సభ కోసం వచ్చాడో, దాఖలా కోసం వచ్చాడో రోహిణికి తెలియలేదు.

రామచందరే ముందు లేచాడు. "మా పిల్లలు బడి నుంచి వస్తే సంచి ఇసిరేసి గల్లీలకు ఉరుకుతున్రు. ఎనిమిదిల స్కాలర్‌షిప్ పరీక్ష ఉన్నది. ఈ ఊర్లె కోచింగ్‌కు ఎక్కడెక్కడి పోరగాండ్లో వచ్చి రాత్రింబగళ్లు చదువుతుంటె, ఈడున్న మన పిల్లలు గోలీలాడుకుంట కూసోవాల్నా? హోంవర్క్ ఇయ్యాలె. బాయికి దిద్దనీకి బద్ధకమైతె మేమే దిద్దుకుంటం."

కొందరు నవ్వారు. చాలామంది తలలూపారు. సంగప్ప రోహిణి వైపు చూశాడు.

ఆమె లేచింది. నిలేశ్ పేరు ఎత్తకూడదు. ఎత్తితే ఆ రాత్రికే వాడి వీపు మీద పడుతుంది. శీతల్ పేరు ఎత్తకూడదు. ఎత్తితే సోమవారం ఆ పిల్ల ఉమ్రిలో ఉంటుంది. నాలుక మీద ఉన్న రెండు పేర్లనూ మింగి మాట్లాడాలి.

"హోంవర్క్ ఇస్త," అంది.

హాలంతా కలకలం రేగింది. రామచందర్ విజయగర్వంతో వెనక్కి తిరిగి చూశాడు.

"ఇస్త గని ఇంటికి పంప. బడి ఇడిసినంక ఒక గంట పిల్లలు ఈడనే కూసుంటరు. నేను కూసుంట వాళ్లతోని. ఆ పని ఈడనే అయితది, పుస్తకాలు ఈడనే ఉంటయి. ఇంట్ల ఎవ్వలు దాన్ని ముట్టొద్దు, అడగొద్దు. నేను ఇదివరకు బంద్ అయితె పెట్టిన గని, ఆ టైముల పిల్లలు ఏడ ఉంటరో, ఏం చేస్తరో చూడలే. అది నా పొరపాటు."

"ఇదేం కొత్త కథ?" రామచందర్ మళ్లీ లేచాడు. "నా కొడుకుకు నేను చెప్పుకుంట. నాకు రాదా లెక్కలు?"

"మీకు వస్తయి సాబ్. మీరు చెప్పొద్దు."

"ఏమన్నరు?"

రోహిణి బల్ల అంచు పట్టుకుంది. చెప్పకూడదనుకున్నది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. అయినా అతని కళ్లలోకే చూస్తూ, ఇంటికి వచ్చిన చుట్టాన్ని క్షేమం అడిగినంత మెల్లగా అడిగింది.

"నిలేశ్ చెయ్యి మంచిగైందా?"

రామచందర్ నోరు తెరిచాడు. మెడ మీద నరం ఒకటి ఉబ్బింది. చుట్టూ ఉన్నవాళ్లకు అది ఒక మామూలు ప్రశ్న. అతనికి కాదు.

"సైకిల్ మీది నుంచి పడ్డడు," అన్నాడు చివరికి.

"అవును, నాకు గూడ గట్లనే చెప్పిండు. ఇగ నుంచి ఆ చెయ్యి నేను రోజు చూస్త సాబ్."

అతను కూర్చున్నాడు. గెలిచానని రోహిణికి అనిపించలేదు. ఈ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందోనన్న భయమే మిగిలింది.

అప్పుడు వెనక నుంచి కైలాస్ గొంతు వచ్చింది. "వేరేటోళ్ల సంగతి నాకు తెల్వది. నా పిల్ల ఆగది. సాయంత్రం నాకు పని ఉంటది."

రోహిణి నోరు విప్పేలోపే గంగుబాయి కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మనిషి ఊగుతోంది. కొడుకు పట్టుకోబోతే చేయి విదిల్చింది.

"ఆగుతది. ఆ గంట రొట్టెల కాడ నేను కూసుంట."

"నీకు కండ్లు కనవడవు. చేతులు కాల్చుకుంటవ్."

"కాలితె నా చేతులు కాల్తయి. నేను ముసల్దాన్ని, నావి కాలితె ఏమైతది? పిల్ల చేతులు కాలినప్పుడు నీకు ఇంత బుగులు లేకుండె గదరా."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. కైలాస్ తల్లి వంక చూశాడు, జనం వంక చూశాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఇక్కడ ఇంకో మాట మిగిలి ఉంటే అది దాఖలా మాటే. గంగుబాయి కూర్చోలేదు. నిలబడే ఉంది, కొడుకు ముఖం సరిగా కనపడకపోయినా అటే చూస్తూ.

"ఆరు కొట్టంగనే ఇంట్ల ఉండాలె," అన్నాడు కైలాస్, ఎవరి వైపూ చూడకుండా. తల్లి రెక్క పట్టుకుని బయటికి నడిచాడు.

సంగప్ప తన షరతులు చెప్పాడు. చౌకీదార్ ఉండడు, తాళం బాయే వేసుకోవాలి. వార్షిక పరీక్షలో మార్కులు తగ్గితే ఇది బంద్. ఆగాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. ఏదైనా జరిగితే బాధ్యత మీదే బాయి అన్నాడు. రోహిణి అన్నిటికీ తలూపింది.

సోమవారం బడి గంట కొట్టాక తరగతిలో సగం కంటే తక్కువ మందే మిగిలారు. నిలేశ్ ఉన్నాడు. వాడి చేతులు, మెడ, చెంపలు రోహిణి కళ్లతోనే వెతికింది. కొత్త దెబ్బలేవీ కనపడలేదు. కానీ వాడు ఆమె వంక చూడడం లేదు. తండ్రితో ఏమని చెప్పిందోనన్న అనుమానం వాడి ముఖంలో ఉంది. అది పోవడానికి చాలా రోజులు పట్టవచ్చు. అసలు పోకపోవచ్చు కూడా.

శీతల్ వచ్చింది. కిటికీ పక్క తన చోటులో కూర్చుంది. చేతికి ఇప్పుడు శుభ్రమైన కట్టు ఉంది. రోహిణి బోర్డు మీద భిన్నాల లెక్కలు రాసింది. అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. శీతల్ కూడా పెన్ను తీసింది. మొదటి లెక్క రాసుకుంది. రెండోది మొదలుపెట్టింది. ఆ తర్వాత పెన్ను వేళ్ల మధ్యే ఉండగా తల మెల్లగా బల్ల మీదికి వాలిపోయింది.

నిలేశ్ వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడే మొదటిసారి రోహిణి ముఖంలోకి చూశాడు. "బాయి, నిద్రపోయింది. లేపాల్నా?"

"వద్దు. నీ లెక్క చేసుకో."

వాడు మళ్లీ తిరిగాడు. నాలుగో లెక్క తప్పు చేశాడు. రోహిణి పక్కకు వచ్చి నిలబడగానే వాడి భుజాలు బిగుసుకుపోయాయి. ఆమె ఏమీ అనలేదు. హారం కింద ఒక గీత గీసి ముందుకు పోయింది. కాసేపటికి వాడే కొట్టేసి మళ్లీ చేసుకున్నాడు.

బయట గేటు ముందు బండి ఆగిన చప్పుడైంది. హారన్ మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా. శీతల్ కదిలింది కానీ లేవలేదు. పిల్లలు కొందరు కిటికీ వైపు చూశారు. రోహిణి మెట్లు దిగి గేటు దగ్గరికి పోయింది. కైలాస్ బండి మీదే కూర్చుని ఉన్నాడు. కాళ్లు నేల మీద ఆన్చి, ఎప్పుడంటే అప్పుడు బయలుదేరడానికి సిద్ధంగా.

"గిరాకీ అచ్చిండ్రు బాయి. అవ్వ ఒక్కతె ఉన్నది. జర జల్ది పంపున్రి."

"ఆరు కాలే ఇంక."

"ఏం చేస్తున్నది?"

నిద్రపోతోందని చెప్పాలా వద్దా అని రోహిణి ఒక్క క్షణం ఆలోచించింది. హోంవర్క్ చేస్తోందని చెప్పడం తేలిక. అతను నమ్ముతాడు కూడా.

"నిద్రపోయింది," అంది. "శాన అలసిపోయింది. ఆరు కాంగనే నేనే లేపి తోల్కొస్త."

కైలాస్ బడి కిటికీల వైపు చూశాడు. అతని నోట్లో ఏదో మాట నానింది. పొమ్మంటాడో, పిల్లను పిలువు అంటాడో తెలియక రోహిణి గేటు గొళ్లెం మీద చేయి వేసి అలాగే నిలబడింది. అతను బండి ఇంజన్ ఆపి తాళం చెవి తీశాడు. స్టాండ్ వేసి దిగాడు. గేటు పక్క గోడ మీద కూర్చుని, తువాలుతో మెడ తుడుచుకున్నాడు.

"గదిల ఫ్యాను ఉన్నదా బాయి?" అని అడిగాడు.

"ఉన్నది."

అతను తలూపాడు. రోహిణి తిరిగి మెట్లెక్కింది.